సంతకం బాబాయి

పోయిన నెల బాబాయి పెద్దకర్మకు వెళ్లినవాళ్లందరికీ భోజనాలయ్యాక తలా ఒక చిన్న స్టీలు గిన్నె ఇచ్చారు. దానిమీద ఆయన పేరు, పోయిన తేదీ మెషీన్ అక్షరాలతో వేయించారు. ఇంటికొచ్చి చూస్తే పేరులో ఒక దీర్ఘం ఎగిరిపోయింది. ఊళ్లోవాళ్ల గిన్నెలమీద జీవితమంతా పేర్లు చెక్కిన మనిషి పేరు, చివరికి ఆయన గిన్నెమీదే తప్పుపడింది. మా ఆవిడ చూసి, పోనీలెండి, ఎవరు చూస్తారు అంది. బాబాయి ఉండి ఉంటే మొత్తం గిన్నెలన్నీ వెనక్కి పంపించి, మళ్లీ వేయించేదాకా ఎవరినీ కదలనిచ్చేవాడు కాదు.

ఆయన నాకు సొంత బాబాయి కాదు. రామచంద్రపురం బజారులో మా కిరాణా కొట్టుకు సరిగ్గా ఎదురుగా ఆయన స్టీలు సామాన్ల కొట్టు ఉండేది. నాన్నను అన్నయ్యా అని పిలిచేవాడు కాబట్టి నాకు బాబాయి అయ్యాడు. బజారంతా మాత్రం ఆయన్ని సంతకం బాబాయి అనేది. అది ముద్దుగా పెట్టిన పేరు కాదు. ఎందుకు పెట్టారో చెబుతాను.

ముందు మనిషిని చూడాలి. పొట్టిగా ఉండేవాడు. భుజంమీద ఎప్పుడూ ఒక మెత్తటి పాత గుడ్డ. దానితో గిన్నెలు తుడిచేవాడు, కళ్లజోడు తుడిచేవాడు, ఎదురుగా ఉన్నవాడు మరీ విసిగిస్తే మొహం కూడా తుడుచుకునేవాడు. ఎవరేం కొన్నా, పేరు వేయించాలా అండీ అని అడిగేవాడు. వేయించమంటే వెంటనే మొదలుపెట్టేవాడు కాదు. "పేరు పడితే మళ్లీ పోదండి. ఆలోచించుకుని చెప్పండి," అనేవాడు. అత్తగారి పేరా, కోడలి పేరా అని కొట్టులోనే తగువు పడి, ఏ పేరూ లేకుండా గిన్నె పట్టుకుపోయినవాళ్లు ఉన్నారు. అంతవరకూ ఆయన పేర్లు చెక్కే కలం లాంటి మెషీన్ చేతిలో పట్టుకుని ఓపిగ్గా కూర్చునేవాడు.

ఒక్క చెంచా కొన్నా బిల్లు రాసేవాడు. వద్దన్నా రాసేవాడు. ఇది మా బజారులో చాలామందికి నచ్చేది కాదు. మా వ్యాపారాల్లో సరుకు ఇచ్చేవాడు బంధువో, బంధువులాంటివాడో అయి ఉంటాడు. అలాంటివాణ్ని బిల్లు అడగడమంటే నువ్వు దొంగవని మొహంమీద అన్నట్టే. బాబాయి మాత్రం సొంత బావమరిదికి కూడా బిల్లు రాసి చేతిలో పెట్టేవాడు. ఆ బావమరిది చాలాకాలం గడప తొక్కలేదు.

ఆయనతో కలిసి ఏదైనా తినడం ఒక శిక్ష. టీ కొట్టుకు తన గ్లాసు తనే తెచ్చుకునేవాడు. బజ్జీల బండి దగ్గర నిలబడి, ఈ నూనె నిన్నటిదా, మొన్నటిదా అని అడిగేవాడు. ఒకసారి మేమంతా అన్నవరం వెళ్తూ బస్సులో చిప్స్ పొట్లం విప్పితే, దాని వెనక రాసిందంతా కళ్లజోడు సవరించుకుని పైకి చదివాడు. అది పూర్తయ్యేసరికి తినాలన్న కోరిక ఎవరికీ మిగల్లేదు. అన్నిసార్లూ ఆయనే కరెక్టని కాదు. ఒక మిఠాయి కొట్టులో ఖాజా రంగు మరీ మెరిసిపోతోందని నానా యాగీ చేశాడు. తీరా శాంపిల్ పంపిస్తే దాంట్లో ఏమీ లేదని వచ్చింది. ఆ మిఠాయి కొట్టాయన బజారు మధ్యలో నిలదీస్తే, నేను సాక్షి సంతకం పెట్టానుగానీ తీర్పు చెప్పలేదుగా అన్నాడు. మర్నాడు వెళ్లి ఆ ఖాజాలే కొనుక్కుని, బిల్లు ఇవ్వమని పట్టుబట్టాడట.

ఇంక సంతకం సంగతి. ఆహార భద్రతాధికారి శాంపిల్ తీస్తే ఉత్తినే పొట్లం కట్టి పట్టుకుపోవడానికి లేదు. నోటీసు ఇవ్వాలి, ఖరీదు చెల్లించాలి, సరుకును నాలుగు భాగాలు చేసి సీసాల్లో పోసి సీలు వేయాలి. ఇదంతా చూశానని బయటివాడెవరైనా సాక్షిగా సంతకం పెట్టాలి. మా బజారు ఆ సంతకాన్ని పట్టుకుంది. ఎవరూ పెట్టకూడదని పెద్దలు అనుకున్నారు. కాగితంమీద రాసుకోలేదు, అయినా అందరికీ తెలుసు. ఆఫీసరు జీపు మలుపు తిరిగేసరికి బజారు వాట్సాప్ గ్రూపులో 'వాన వస్తోంది' అని మెసేజ్ పడుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో షట్టర్లు సగానికి దిగుతాయి. కొత్తగా గ్రూపులో చేరిన ఒకాయన భార్య ఆ మెసేజ్ చూసి, మేడమీద ఎండుతున్న వడియాలన్నీ లోపలికి చేరవేసింది. ఈ కథ చెప్పుకుని మేం చాలా రోజులు నవ్వుకున్నాం.

అలా అందరూ లోపలికి పోతుంటే, బాబాయి గుడ్డ భుజాన వేసుకుని రోడ్డు దాటేవాడు. పాలు, నూనె, కారం, ఏ కొట్టులో ఏది తీసినా ఆయనే సాక్షి. ఆ రోజుల్లో వచ్చే అధికారి ఒక మేడమ్. సన్నగా, మాట తక్కువగా ఉండేది. మా వాళ్ల మర్యాదలు తెలుసుగా, ఒకవైపు గుండెలు దడదడలాడుతున్నా కాఫీ తెప్పిస్తారు. ఆవిడ మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. సరుకు ఖరీదు ఇవ్వబోతే, మీ దగ్గర డబ్బులేంటండి మేడమ్ అని చేతులు వెనక్కి పెట్టుకునేవారు. అప్పుడు బాబాయి కోప్పడేవాడు. "తీసుకోండి బాబూ. తీసుకోకపోతే అది శాంపిల్ అవదు, మర్యాద అవుతుంది," అనేవాడు. తర్వాత లక్క కరిగే దాకా పక్కనే నిలబడి, ముద్ర సరిగ్గా పడిందో లేదో వంగి చూసి, గిన్నెలమీద చెక్కినంత శ్రద్ధగా పేరు మొత్తం రాసేవాడు. పొడి అక్షరాల సంతకం ఆయనకు గిట్టదు.

ఒకసారి నేనే అడిగాను, ఎందుకు బాబాయ్ ఊరందరితో మీకీ గొడవ అని. ఆయన అటకమీంచి ఒకదాంట్లో ఒకటి ఇమిడే గిన్నెల సెట్టు దింపాడు. పూర్వం పాలకో చట్టం, నూనెకో చట్టం, పళ్ల సరుకుకో చట్టం విడివిడిగా ఉండేవిట. విడి గిన్నెలు ఎవడు కొంటాడురా, అందుకే అన్నీ కలిపి సెట్టు చేశారు అన్నాడు. అన్నిటికన్నా పెద్దది ఢిల్లీ. దేంట్లో ఏది ఎంతవరకు ఉండొచ్చో రాసేది అక్కడ. దాని లోపలిది రాష్ట్రం, అక్కడ కమిషనరు. దాని లోపల జిల్లా అధికారి, లైసెన్సులు ఆయన చూస్తాడు. దాని లోపల మన బజారుకొచ్చే మేడమ్. మూత చేతిలోకి తీసుకుని, ఇది లాబ్ అన్నాడు. సరుకు నాసిరకమనో, లేబుల్ తప్పనో లాబ్ తేలిస్తే జాయింట్ కలెక్టరు దగ్గర జరిమానాతో పోతుంది. ప్రాణానికి చేటని తేలితే మాత్రం మేజిస్ట్రేటు ముందు నిలబడాలి.

అన్నీ వరసగా పెట్టాక అరచేతిలో ఇమిడే గిన్నె ఒకటి మిగిలింది. ఇది ఎవరు అన్నాను.

"ఎవడో ఒకడు. రోడ్డు దాటొచ్చి చూసేవాడు. నేను ఆఫీసరు తరఫున సంతకం పెడుతున్నాననుకుంటున్నారు మీరంతా. కాదురా, సీసా తరఫున పెడతాను. రేపు వాళ్లే నీ సరుకులో ఏదో కలిపారనుకో, కలపలేదని గానీ కలిపారని గానీ చెప్పేవాడు ఒకడుండాలా వద్దా?"

ఆ చిన్న గిన్నె లేకపోతే సెట్టు అమ్ముడుపోదని కూడా అన్నాడు. నేను నవ్వి మా కొట్టుకు వచ్చేశాను.

కొన్నాళ్లకు మేడమ్ మా కొట్టుకే వచ్చింది. శ్రావణమాసం ముందు. బస్తాలో ఉన్న విడి పసుపు చూసి, శాంపిల్ తీస్తానంది. అది మాకు వరసకు బావ అయ్యే ఆయన పంపిన సరుకు. మామూలుగానే బిల్లు లేదు. నాన్న చెమట తుడుచుకుంటూ ఎదురు కొట్టువైపు చూశాడు. రావొద్దని ఆ చూపు. బాబాయి వచ్చాడు. అన్నయ్యా, డబ్బులు తీసుకో అన్నాడు. చూశాడు, పేరు మొత్తం రాశాడు, వెళ్లిపోయాడు.

రిపోర్టు వచ్చింది. పసుపులో రంగు కలిసింది, తిండిలో వాడకూడని రంగు, ప్రాణానికి చేటు. మా బావ ఆ సరుకు తనదని రుజువేంటని అడిగాడు. బిల్లుంటే ఆ కేసు చాలావరకు ఆయనవైపు పోయేది. లేదు కాబట్టి నాన్నమీదే నిలిచింది. నాన్నకు రంగు సంగతి తెలియదు, అది నిజం. మేమూ అదే పసుపు తిన్నాం కదా అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. కానీ అప్పటికే ఆ బస్తాలోంచి వరలక్ష్మీ వ్రతాలకు ఎన్ని ఇళ్లకు పొట్లాలు వెళ్లాయో. ఆడవాళ్లు మొహాలకు రాసుకున్నారు, పులిహోర కలిపి పిల్లలకు పెట్టారు. ఇంట్లో ఆ పసుపు ఉంటే పారేయండమ్మా అని మేం ఒక్కరికి కూడా చెప్పలేదు. వకీలు చెప్పొద్దన్నాడని ఒకరికొకరం చెప్పుకున్నాం. వకీలు ఆ మాట అన్నట్టు నాకు గుర్తులేదు.

కోర్టు వాయిదా దగ్గర పడుతుంటే నాన్న నన్ను వెంటబెట్టుకుని బాబాయి కొట్టుకు వెళ్లాడు. బాబాయి ఎవరిదో బిందెమీద పేరు చెక్కుతున్నాడు. నాన్న ఆయన చేతులు పట్టుకున్నాడు.

"ఒరే తమ్ముడూ, ఈ వయసులో జైలు గడప తొక్కలేన్రా. చూడలేదని ఒక్క మాట చెప్పు చాలు."

బాబాయి మెషీన్ ఆపాడు. పసుపులో రంగుందని నీకు తెలుసా అన్నయ్యా అని అడిగాడు. తెలియదన్నాడు నాన్న. బిల్లెందుకు అడగలేదన్నాడు. మనవాణ్ని ఎలా అడుగుతాన్రా అన్నాడు నాన్న. బాబాయి భుజంమీద గుడ్డ తీసి మొహం తుడుచుకుని, నావైపు తిరిగాడు. నువ్వేమంటావురా అన్నాడు.

మీ ఇష్టం బాబాయ్ అన్నాను. మా వైపు ఆ మాటకు అర్థం ఒకటే. మేమనుకున్నది చెయ్యండి అని.

కోర్టులో సీసా చూపించి ఈ సంతకం మీదేనా అని అడిగారు. నాదేనండి అన్నాడు. సీలు వేస్తుంటే చూసి పెట్టారా అని అడిగారు. ఆయన కళ్లజోడు తుడుచుకుని ఆ సీసావైపు వంగి చూశాడు. చీటీమీద గుండ్రటి అక్షరాల్లో పేరు మొత్తం ఉంది.

"పెట్టమన్నారండి, పెట్టాను. చూళ్లేదు."

కేసు ఆ ఒక్క మాటమీదే వీగిపోయిందని చెప్పలేను. మా వకీలు కాగితాల్లో మరేవో లోపాలు కూడా పట్టుకున్నాడు. మొత్తానికి కొట్టేశారు, నాన్న బయటపడ్డాడు. మేడమ్ ఆ రోజు బాబాయివైపు చూడలేదు. ఫైలు సర్దుకుని బస్సు కోసం నడిచి వెళ్లింది. బయట టీ కొట్టు దగ్గర నాన్న అందరికీ టీలు చెప్పాడు. బాబాయి, గ్లాసు తెచ్చుకోలేదన్నయ్యా అని పక్కకు వెళ్లి నిలబడ్డాడు. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు సిగ్గెయ్యలేదు, హాయిగా ఊపిరి ఆడింది. సిగ్గు తీరిగ్గా వచ్చింది. వచ్చింది మళ్లీ పోలేదు.

ఆ ఏడు వర్తకుల సమావేశంలో బాబాయికి శాలువా కప్పారు. బజారు పరువు కాపాడిన పెద్దమనిషి అన్నారు. అంతకుముందు ఆయన్ని పెళ్లిళ్లకు పిలవడం మానేసినవాళ్లే చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మర్నాడు చూస్తే ఆయన ఆ శాలువాను చింపి, ఒక ముక్కతో గిన్నెలు తుడుస్తున్నాడు. జరీ గీసుకుంటుంది బాబాయ్, స్టీలు పాడవుతుంది అన్నాను. అవునురా, దేనికీ పనికిరావట్లేదు అన్నాడు.

తర్వాత కూడా మేడమ్ చాలాసార్లు వచ్చింది. వాన మెసేజ్ రాగానే అందరూ షట్టర్లు దించేవారు, బాబాయి మాత్రం గడపలోకి వచ్చి నిలబడేవాడు. అంతే, రోడ్డు దాటేవాడు కాదు. ఆవిడ పిలుస్తుందేమోనని చూసేవాడు. ఆవిడ పిలిచేది కాదు. తనతోపాటు ఆఫీసునుంచే ఎవరినో తెచ్చుకునేది. జీపు వెళ్లిపోయాక కూడా ఆయన కాసేపు అక్కడే ఉండేవాడు. అది చూడలేక నేను పప్పు బస్తాల వెనక ఏదో వెతుకుతున్నట్టు వంగేవాణ్ని.

పేర్లు వేయడం మానేశాడు. చెయ్యి వణుకుతోందండీ, బయట వేయించుకోండి అని అందరికీ చెప్పేవాడు. అదే చేత్తో బిల్లు మాత్రం చక్కగా రాసేవాడు. చివరికి నాన్న పోయినప్పుడు వచ్చి, మా గుమ్మంలో కూర్చుని, అన్నయ్య మంచివాడురా, అడగలేకపోయాడంతే అన్నాడు. ఏం అడగలేకపోయాడో, బిల్లో, ఇంకేదైనానో, నేను రెట్టించలేదు. ఇన్నేళ్లలో ఆ విషయం మా మధ్య వచ్చింది అదొక్కసారే. పోయిన నెల ఆయనా పోయాడు, నిద్రలోనే.

పెద్దకర్మ అయిన వారంలోనే మధ్యాహ్నం గ్రూపులో వాన పడింది. నేను షట్టరు దించలేదు. నాన్న పోయాక నేను చేసిన మంచిపని ఒకటుంది. బిల్లు లేని సరుకు కొట్టులోకి రానివ్వను. ఆ ధీమాతో కూర్చున్నాను. వచ్చిన అధికారి కొత్తవాడు, ఇంకా ఉద్యోగం కొత్త వదలని కుర్రాడు. పసుపు చూశాడు, బిల్లు చూపించాను, సరేనండి, అయినా శాంపిల్ తీస్తానన్నాడు. తీసుకోండి అన్నాను. ఖరీదు మారు మాట్లాడకుండా తీసుకున్నాను.

సాక్షి కావాలన్నాడు. నేనే బయటికొచ్చి పక్కవాళ్లను పిలిచాను. నా సరుకు మంచిదని నాకు తెలుసు. సీలు సరిగ్గా పడిందని చూసినవాడు ఒకడుంటే నాకే మంచిది. నా చిన్ననాటి స్నేహితుడిది పక్క కారం కొట్టు. వాడు ఫోను చెవిన పెట్టుకుని వీపు తిప్పాడు. మిగిలినవాళ్లవి షట్టర్ల కిందనుంచి కాళ్లు మాత్రమే కనబడుతున్నాయి. ఆ కాళ్లను చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ కుర్రాడు ఎదురు కొట్టువైపు చూశాడు. దానికి తాళం ఉంది.

"అక్కడ ఒక పెద్దాయన ఉంటారటకదండి. మా పాత మేడమ్ చెప్పారు. ఈ బజారులో ఎవరూ రాకపోతే ఆయన్ని అడగమన్నారు, ఆయన చూసి పెడతారని."

పోయారండి అన్నాను. ఆవిడ బాబాయిని కొట్టిపారేయలేదు. బజారుకు కొత్తగా వచ్చేవాడికి ఇప్పటికీ ఆయన పేరే చెబుతోంది. ఈ సంగతి తెలియకుండానే ఆయన అన్నేళ్లూ ఆ గడపలో నిలబడ్డాడు.

సాక్షి ఎవరూ రాలేదని ఆ కుర్రాడు రాసుకున్నాడు. సీసాలు పెట్టెలో సర్దుకుని పక్కకు, నా స్నేహితుడి కొట్టుకు వెళ్లాడు. కారం తీశాడు. సంచీలోంచి లక్క తీస్తూ నావైపు తిరిగాడు. "మీరు ఇక్కడే ఉన్నారు కదండి, ఒక్కసారి వస్తారా?" అన్నాడు.

నా స్నేహితుడు నావైపు చూశాడు. నాన్న ఆ రోజు ఎదురు కొట్టువైపు చూసిన చూపే. నా జేబులో పెన్ను ఉంది. ఇంతకుముందే ఒళ్లు మండినవాణ్ని. అడుగు దూరం కూడా లేదు. "లోపల తూకం ఉందండి," అన్నాను. అని లోపలికి వచ్చి షట్టరు సగానికి లాగాను. బయటివాళ్లకు ఇప్పుడు నా కాళ్లు కూడా అలాగే కనబడుతూ ఉంటాయని తర్వాత తోచింది.

చీకట్లో గల్లాపెట్టె పక్కన బాబాయి కర్మకిచ్చిన గిన్నె ఉంది. చిల్లర వేసుకోవడానికి తెచ్చుకున్నాను. ఫోను మోగింది. వాన ఇంకా ఉందని ఎవరో గ్రూపులో పెట్టారు. కింద వరసగా అందరూ బొటనవేళ్లు పెడుతున్నారు. నేనూ ఒకటి పెట్టాను. చదువుకున్నవాడివి, వేలిముద్ర వేశావేంట్రా అని బాబాయి అడిగినట్టయింది.